ఊరి జట్టు, ఊళ్ళో లేని యజమాని

2016 అక్టోబరు నెలాఖరు, శనివారం. లోపల ఆట మొదలైనట్టు విజిల్ వినిపించింది. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో, ఈవుడ్ పార్క్ ఫుట్‌బాల్ స్టేడియం బయట, నటాల్ స్ట్రీట్‌లో నిలబడ్డ జనం మాత్రం కదల్లేదు. అందరి జేబుల్లోనూ టికెట్లున్నాయి. నా ముందు ఒక ముసలాయన, మెడలో నీలం తెలుపు మఫ్లరు, చేతి గడియారం వంకే చూస్తున్నాడు. పక్కన ఏడెనిమిదేళ్ళ మనవడు. లోపల జనం హోరెత్తినప్పుడల్లా పిల్లాడు తాత చెయ్యి పట్టుకుని గుంజుతున్నాడు. తాత తల అడ్డంగా ఊపుతున్నాడు. పద్దెనిమిదో నిమిషం రాగానే అందరూ గేట్లవైపు నడిచారు. వెళ్ళి కూచుని ఆట చూశారు. డెబ్బై అయిదో నిమిషం కాగానే లేచి బయటికి వచ్చేశారు. పద్దెనిమిది, డెబ్బై అయిదు. 1875. వాళ్ళ క్లబ్బు పుట్టిన ఏడాది.

డబ్బిచ్చి కొనుక్కున్న ఆటలో మూడోవంతు వదులుకోవడమంటే ఈ ఊరివాళ్ళకు చిన్న విషయం కాదు. మ్యాచ్ ఉన్న శనివారం పెళ్ళి పెట్టుకుంటే చుట్టాలు సణిగే ఊరు ఇది. ఓనర్లు వెళ్ళిపోవాలని చాలామంది అట్టల మీద రాసి పట్టుకున్నారు. కానీ ఎవరిని కదిపినా మొదట వచ్చిన మాట ఒకటే: వాళ్ళు రారు, కనపడరు, మాట్లాడరు.

ఆ ఓనర్ల పేరు మీకు బాగా తెలుసు. వెంకీస్. మన కోళ్ళ వెంకీస్.

రోజూ పేపర్లో ఒక మూల ఎన్‌ఈసీసీ గుడ్డు ధర అని వేస్తారే, ఆ ఎన్‌ఈసీసీ వెనక నిలిచిన మనిషి బండా వాసుదేవరావు గారు. బి.వి.రావు అంటే కోళ్ళ రైతులకు ఇంకా బాగా తెలుస్తుంది. 1971లో హైదరాబాద్‌లో ఆయన మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్ తర్వాత పుణె కేంద్రంగా దేశమంతా విస్తరించింది. ఆయన 1996లో పోయారు. ఆయన పిల్లల చేతుల్లో ఉన్న ఆ కంపెనీ 2010 నవంబరులో ఈ ఊరి బ్లాక్‌బర్న్ రోవర్స్ క్లబ్బును సుమారు 2.3 కోట్ల పౌండ్లకు కొన్నది. పైన క్లబ్బు అప్పులు కూడా నెత్తిన వేసుకుంది.

ఆ వారమే చీరాల నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, నూరేళ్ళు వాళ్ళు మనకి బట్ట అమ్మారు. ఇవాళ మనం వాళ్ళ ఆటనే కొనేశాం రా!" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం విని నాకూ ఛాతీ ఉబ్బింది. దాచుకోను. ఇక్కడ ఆస్పత్రి ల్యాబులో నాతో పనిచేసేవాళ్ళు కూడా నన్నే అడిగారు: వీళ్ళెవరు, ఎలాంటివాళ్ళు, మాట మీద నిలబడతారా అని. ఏదో నా మేనమామల గురించి అడిగినట్టు అడిగారు. మంచివాళ్ళే, కష్టపడి పైకొచ్చిన కుటుంబం అని చెప్పాను. తర్వాత చాలా ఏళ్ళు ఆ జవాబు నన్ను వెంటాడింది.

బాబాయ్ అన్న బట్ట మాట నిజం. బ్లాక్‌బర్న్ మిల్లులు నేసిన సరుకులో మన దేశానికి వచ్చే పంచెలది పెద్ద వాటా. ఇక్కడి ఆడవాళ్ళు, మగవాళ్ళు, సగం రోజు బడికి వెళ్ళి సగం రోజు పనిచేసే పిల్లలు, ఎన్నడూ చూడని దేశంలోని మగవాళ్ళు కట్టుకునే పంచెలు నేసి పొట్ట పోసుకున్నారు. ఆ పంచె వచ్చి పడ్డాక మా తాతల మగ్గాలు మూలన పడ్డాయి. 1931 సెప్టెంబరులో గాంధీగారు ఈ పక్కనే ఉన్న డార్వెన్‌కు వచ్చారు. విదేశీ బట్ట బహిష్కరణతో మిల్లులు దెబ్బతిన్న ప్రాంతమిది. అయినా పని పోగొట్టుకున్న మిల్లు మనుషులు ఆయన చుట్టూ చేరి జేజేలు కొట్టారు. ఆ ఫోటో మీరు చూసే ఉంటారు: శాలువా కప్పుకున్న ముసలాయన, చుట్టూ నవ్వుతున్న మిల్లు ఆడవాళ్ళు. ఆయన మూలంగా నష్టపోయినవాళ్ళే ఆయన్ను ఎందుకు అంత ఆదరించారని మా పక్కింటి పెద్దాయన్ను ఒకసారి అడిగాను. వాళ్ళమ్మ మిల్లులో నేతపని చేసిన మనిషి. "ఆయన వచ్చాడు కదా. వచ్చి చెప్పాడు కదా" అన్నాడు. అంతకంటే ఇంకేం కావాలన్నట్టు.

ఆ మాట పట్టుకునే ఈ దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బంటే ఏమిటో చెప్పాలనిపించింది. మనకు ఐపీఎల్ జట్లు తెలుసు. కంపెనీవాళ్ళు వేలంలో కొన్నారు, పేరు పెట్టారు, రంగు ఎంచుకున్నారు, మనం చూశాం. ఇక్కడ వరస తిరగేసి ఉంటుంది. ముందు ఊరు, తర్వాత జట్టు, ఎక్కడో చివర ఓనరు.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో వచ్చిన ఫ్యాక్టరీ చట్టాలు బట్టల మిల్లులు శనివారం మధ్యాహ్నానికల్లా ఆగిపోవాలన్నాయి. మిల్లు మనిషికి మొదటిసారి తనదంటూ ఒక పూట దక్కింది. ఇంగ్లండులో ఇవాళ్టికీ శనివారం మూడు గంటలకు ఆట మొదలవడానికి మూలం అక్కడుంది. మిల్లు మూసి, ఇంటికెళ్ళి, మొహం కడుక్కుని, తిని, నడుచుకుంటూ మైదానానికి చేరడానికి పట్టే టైము అది. చర్చిలు, బడులు, కార్ఖానాలు, సారా దుకాణాలు, ఒక్కోటి ఒక్కో జట్టు కట్టింది. మాంచెస్టర్ యునైటెడ్ రైల్వే కూలీల జట్టుగా పుట్టింది.

అంతకుముందు ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్ఏ) కప్పు గెలిచేది దొరబిడ్డలు. 1883లో ఇదే బ్లాక్‌బర్న్ నుంచి ఒలింపిక్ అనే జట్టు లండన్ వెళ్ళి, ఈటన్ బడిలో చదివిన పెద్దింటి కుర్రాళ్ళ జట్టును ఎఫ్ఏ కప్ ఫైనల్లో 2–1తో ఓడించింది. ఆ జట్టులో నేతగాళ్ళున్నారు, ఇనుము పోతపోసేవాళ్ళున్నారు, ఒక ప్లంబరున్నాడు. ఖర్చు పెట్టుకుంది ఊళ్ళోని ఇనుప ఫౌండ్రీ యజమాని. ఫైనల్‌కు ముందు వాళ్ళను సముద్రపు ఒడ్డున బ్లాక్‌పూల్‌లో ఉంచి సాధన చేయించారు. ఆ రోజుల్లో అదో వింత. ఆ తర్వాత మూడేళ్ళు, 1884, 85, 86, వరసగా కప్పు బ్లాక్‌బర్న్ రోవర్స్‌దే. 1888లో ప్రపంచంలోనే మొదటి ఫుట్‌బాల్ లీగ్ పన్నెండు జట్లతో మొదలైతే అందులో ఆరు ఒక్క లాంకషైర్ జిల్లావే. చీరాల, పేరాల, మంగళగిరి, వెంకటగిరి, పోచంపల్లి, గద్వాల జట్లు కలిసి దేశం మొత్తానికి ఒక ఆట నేర్పాయని ఊహించుకోండి. ఈ ఊళ్ళవాళ్ళ గర్వం అలాంటిది.

క్లబ్బులు పెరిగి, మైదానాలు కట్టాల్సి వచ్చేసరికి వాటాలు అమ్మి కంపెనీలయ్యాయి. అక్కడే ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక మంచిపని చేసింది. వాటాదారుకు ఇచ్చే లాభం మీద పరిమితి పెట్టింది. డైరెక్టర్లు జీతం తీసుకోకూడదంది. క్లబ్బు మూతపడితే స్థలం అమ్ముకుని పంచుకోకూడదంది. ఇది వ్యాపారం కాదు, ఊరి సొత్తుకు కాపలా అని చెప్పడమే ఆ నియమాల సారం. దాదాపు వందేళ్ళు అవి నిలబడ్డాయి.

అలాగని ఆనాటి యజమానులంతా ధర్మరాజులని చెప్పను. ఇక్కడికి పది మైళ్ళలో బర్న్‌లీ ఉంది, రోవర్స్‌కు ఆగర్భ శత్రువు. దానికి 1955 నుంచి పాతికేళ్ళకు పైగా చైర్మన్ బాబ్ లార్డ్, మాంసం కొట్ల ఆసామి. ఆయన హయాంలోనే 1960లో బర్న్‌లీ దేశంలో మొదటి స్థానం గెలిచింది. తనకు నచ్చని రాతలు రాసిన విలేకరుల్ని మైదానంలోకి రానిచ్చేవాడు కాదు. టీవీ కెమెరాలను కూడా కొన్నేళ్ళు గేటు బయటే ఆపాడు, ఇంట్లో కూచుని చూస్తే మైదానానికి ఎవరొస్తారని. మొండిఘటం. కానీ ఆయన కొట్టు ఎక్కడో బర్న్‌లీలో చంటిపిల్లాడిని అడిగినా చెప్పేవాడు. తిట్టదలుచుకున్నవాడికి ఆయన మొహం దొరికేది.

ఇక మిగతా పని పేపరు చేసేది. శనివారం సాయంత్రం ఆట ముగిసిన గంటకల్లా గులాబీ రంగు కాగితం మీద, కొన్ని ఊళ్ళలో ఆకుపచ్చ కాగితం మీద, ఆ రోజు ఆటల విశేషాలన్నీ అచ్చయి దుకాణాలకు చేరేవి. మా పక్కింటి పెద్దాయన పదేళ్ళ వయసులో వాళ్ళ నాన్న కోసం ఆ పేపరు తేవడానికి వానలో దుకాణం ముందు వరసలో నిలబడేవాడట. సిరా ఆరకుండానే చేతికొచ్చేది, వేళ్ళు నల్లబడేవి అని ఇప్పటికీ ఆ వేళ్ళు రుద్దుకుంటూ చెప్తాడు. స్థానిక పేపరు విలేకరి జట్టుతోపాటు అదే బస్సులో వెళ్ళేవాడు. ఎవడికి మోకాలు వాచింది, ఎవడు అలిగాడు, డైరెక్టర్ల మీటింగులో ఎవరు బల్ల గుద్దారు, అన్నీ ఊరికి చేరేవి. విలేకరి ప్రశ్న వెనక ఊరు మొత్తం నిలబడి ఉండేది.

పేపరు మీద ఊరికున్న ఆ నమ్మకం ఘోరంగా తెగిన రోజూ ఉంది. 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానం. కిక్కిరిసిన ఇనుప కంచెల మధ్య లివర్‌పూల్ అభిమానులు నలిగిపోయారు. చనిపోయినవారి లెక్క చివరికి 97కు చేరింది. నాలుగు రోజులకు 'ద సన్' పత్రిక మొదటి పేజీలో, తాగిన అభిమానులే కారణమని, శవాల జేబులు కొట్టారని, పోలీసుల నుంచి వచ్చిన మాటల్ని సత్యం అన్న శీర్షికతో అచ్చేసింది. అవి అబద్ధాలు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఆ మాట నిరూపించడానికి ఇరవై మూడేళ్ళు తిరిగారు. 2012లో ఒక స్వతంత్ర సంఘం నాలుగున్నర లక్షల పేజీల ప్రభుత్వ, పోలీసు కాగితాలు బయటపెట్టింది. పోలీసుల వాంగ్మూలాలు దిద్దారని అందులో తేలింది. 2016లో న్యాయ విచారణ జ్యూరీ, వాళ్ళు చట్టవిరుద్ధంగా చంపబడ్డారని, అభిమానుల తప్పు ఏమీ లేదని చెప్పింది. లివర్‌పూల్ నగరంలో ఇవాళ్టికీ ఆ పేపరు కొనేవాళ్ళు తక్కువ. 2017లో లివర్‌పూల్ క్లబ్బు ఆ పత్రిక విలేకరులకు తలుపులు మూసింది.

కాబట్టి క్లబ్బు ఒక పత్రికను గెంటేసిందని వినగానే నేను వెంటనే తప్పనలేను. ఎవరి తరఫున గెంటేశారని అడుగుతాను. లివర్‌పూల్ క్లబ్బు తలుపు మూసింది ఊరి గాయం పక్షాన. మిగతాచోట్ల జరిగింది వేరు.

1983లో లండన్ క్లబ్బు టాటెన్‌హామ్ స్టాక్ ఎక్స్ఛేంజిలోకి వెళ్ళింది. క్లబ్బు పైన ఇంకో కంపెనీని నిలబెట్టి, లాభం మీద పరిమితులన్నీ ఆ పై కంపెనీకి వర్తించవన్నారు. అసోసియేషన్ చూస్తూ ఊరుకుంది. వందేళ్ళ కాపలా అలా ఒక కాగితంతో పోయింది. 1992లో ప్రీమియర్ లీగ్ వచ్చింది, దానితో స్కై టీవీ డబ్బు వచ్చింది. డబ్బు టీవీవాళ్ళ నుంచి వస్తున్నప్పుడు స్థానిక పేపరు విలేకరితో అవసరం ఏముంటుంది? క్లబ్బులు సొంత చానెళ్ళు పెట్టుకున్నాయి. తమ వార్త తామే రాసుకోవడం, తమ మేనేజరును తమ ఉద్యోగితోనే ప్రశ్నలు అడిగించడం మొదలైంది.

మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్, తన కొడుకు మీద 2004లో బీబీసీ తీసిన కార్యక్రమానికి కోపం వచ్చి 2011 దాకా ఆ సంస్థతో మాట్లాడలేదు. ప్రజల డబ్బుతో నడిచే టీవీ అది. 2010లో సౌతాంప్టన్ క్లబ్బు పత్రికల ఫోటోగ్రాఫర్లను లోపలికి రానివ్వక, ఫోటోలు మా దగ్గరే కొనుక్కోండంది. అప్పుడు ప్లిమత్ పేపరు 'హెరాల్డ్' కొనడానికి ఒప్పుకోక, తమ జట్టు అక్కడ ఆడిన ఆట విశేషాలను బొమ్మలు గీయించి అచ్చేసింది. ఆ బొమ్మల పేజీ చూస్తే నాకు మన బాపు గుర్తొచ్చి ముచ్చటేసింది. 2013లో న్యూకాజిల్ క్లబ్బు, అభిమానుల ఊరేగింపు గురించి రాశారన్న కోపంతో ఊరి మూడు పేపర్లనూ నిషేధించింది. రెండేళ్ళ తర్వాత కొత్త మేనేజరును నియమించినప్పుడు తమకు కావలసిన ఒక చానెల్‌ను, ఒక పత్రికను మాత్రమే పిలిచింది. ఊరేగింపు జరిగింది ఊళ్ళో, నడిచింది ఊరి జనం, రాసింది ఊరి పేపరు. ఊరికే గేటు మూసేశారు.

ఇక మా బ్లాక్‌బర్న్ కథ. ఇక్కడ గెంటేయడం కంటే మౌనం ఎక్కువ.

ఈ క్లబ్బుకు 1990లలో జాక్ వాకర్ అనే ఆసామి ఉండేవాడు. ఈ ఊళ్ళోనే పుట్టి, తండ్రి పెట్టిన చిన్న రేకుల కొట్టును పెద్ద ఉక్కు వ్యాపారం చేసి, 33 కోట్ల పౌండ్లకు అమ్మి, ఆ డబ్బులోంచి తాను చిన్నప్పటి నుంచి చూసిన జట్టు మీద కుమ్మరించాడు. స్టేడియం మూడువైపులా కొత్తగా కట్టించాడు. అలన్ షియరర్ అనే కుర్రాణ్ణి అప్పటి దేశపు రికార్డు ధరకు తెచ్చాడు. 1995 మే 14న, చివరి ఆటలో ఓడి కూడా, వెనకున్న మాంచెస్టర్ యునైటెడ్ గెలవలేకపోవడంతో బ్లాక్‌బర్న్ దేశానికి మొదటి జట్టయింది. 1914 తర్వాత మళ్ళీ అదే. ఆయన కూడా పత్రికలతో గంటలు గంటలు మాట్లాడే రకం కాదు. కానీ ఆట చూస్తూ ఏడవడం ఊరంతా చూసింది. 2000లో పోయాడు. ఆయన విగ్రహం స్టేడియం బయట ఉంది. మ్యాచ్ రోజున దాని కింద నీలం తెలుపు మఫ్లర్లు కట్టి పోతుంటారు.

వెంకీస్ వచ్చిన నెలలోపే మేనేజరు శామ్ అలర్డైస్‌ను తీసేశారు. జట్టు అప్పటికి పదమూడో స్థానంలో ఉంది, మునిగిపోతున్నదేమీ కాదు. ఎందుకు తీసేశారో ఊరికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. అనుభవం లేని స్టీవ్ కీన్‌ను కూచోబెట్టారు. రొనాల్డినో వస్తాడన్నారు, బెక్‌హామ్ పేరు వినిపించింది, ఎవరూ రాలేదు. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో కోడి ముక్కలు తింటున్న ప్రకటన ఒకటి వచ్చింది. 2012 మే 7న విగన్ చేతిలో ఓడి పదకొండేళ్ళకు పై మెట్టు దిగిన రాత్రి, ఎవరో ఒక కోడికి రోవర్స్ జెండా చుట్టి మైదానంలోకి వదిలారు. అది గడ్డి మీద అటూ ఇటూ పరిగెత్తుతుంటే దేశమంతా టీవీలో చూసి నవ్వింది. మర్నాడు ల్యాబులో ఎవరూ నాతో ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా తెలుస్తుంది. వీధిలో వినపడిన కొన్ని నవ్వులు కోడి మీద కాదు, మన రంగు మీద. అదీ చెప్పాలి. ఈ ఊళ్ళో మూడోవంతుకు పైగా మన ఉపఖండం నుంచి వచ్చిన కుటుంబాలే. ఆ నవ్వులు వాళ్ళందరికీ తగిలాయి.

ఆ పై సీజన్లో ఒక మేనేజరు 57 రోజులు ఉన్నాడు, ఇంకొకాయన 67 రోజులు. పుణెకు క్లబ్బులోని పెద్ద ఉద్యోగి ఒకాయన రాసిన హెచ్చరిక ఉత్తరం నెలల తర్వాత పత్రికల్లో పడింది. ఆ ఉత్తరం చదివాకే ఊరికి లోపల ఏం జరుగుతోందో తెలిసింది. రాసిన మనిషి ఉద్యోగం పోయింది. 2017లో జట్టు ఇంకో మెట్టు కిందికి, మూడో డివిజన్‌లోకి జారి, ఏడాదికి మళ్ళీ పైకొచ్చింది. ఈ కాలమంతా ఓనర్లు పత్రికలతో మాట్లాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మైదానానికి రావడం ఏళ్ళ తరబడి లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. డబ్బు వాళ్ళు ఆపలేదు. 20 కోట్ల పౌండ్లకు పైగా ఈ క్లబ్బులో పోశారు. తిరిగి తీసుకున్నదేమీ కనపడదు. వాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకుని ఉంటే క్లబ్బు ఏమయ్యేదో చూడాలంటే ఇక్కడికి ఇరవై మైళ్ళలోని బరీకి వెళ్ళాలి. 1885లో పుట్టి, రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్బు అది. 2018లో ఒక్క పౌండుకు చేతులు మారింది. 2019 ఆగస్టు 27న అప్పులు తీర్చే దారి చూపలేక లీగ్‌లోంచి బహిష్కరణ పాలైంది. ఆ రోజు పొద్దున కూడా అభిమానులు బకెట్లు, చీపుర్లు పట్టుకొచ్చి మైదానం కడిగారు, ఆట ఉంటుందేమోనని. బ్లాక్‌పూల్‌లో ఇంకో రకం: ఓనర్లు క్లబ్బు డబ్బును అక్రమంగా తరలించారని 2017లో హైకోర్టు చెప్పేదాకా, ఆ తర్వాత కూడా, అభిమానులు ఏళ్ళపాటు తమ మైదానంలో కాలు పెట్టలేదు. క్లబ్బు రిసీవర్ చేతికి వెళ్ళాక, 2019 మార్చిలో తిరిగొచ్చిన రోజున పెద్దవాళ్ళు గోడలు పట్టుకుని ఏడ్చారు.

అలాంటి నష్టం బ్లాక్‌బర్న్‌కు జరగలేదు. ఇక్కడి బాధ వేరు. దాన్ని నేను మాటల్లో పెట్టగలిగింది మా నాన్న వల్ల. మా చిన్నప్పుడు మా ఊరి దగ్గర ఒక చేనేత సంఘం ఉండేది. నాన్న పొదుపు సొమ్ము అందులో ఉండేది. ఒక ఏడు ప్రెసిడెంటు ఊళ్ళో కనపడటం మానేశాడు. ఆఫీసుకు తాళం. నాన్న ప్రతి సోమవారం సైకిలు మీద వెళ్ళి ఆ తాళం చూసి వచ్చేవాడు. తాళం కప్ప మీద సాలెగూడు పట్టేదాకా వెళ్ళాడు. సొమ్ములో చాలావరకు తర్వాత వచ్చింది. కానీ ఆ సోమవారాలు ఆయనలో ఏదో విరిచేశాయి. "తాళం తీసి, డబ్బు లేదు పో అని చెప్పినా బాగుండేది" అనేవాడు. నటాల్ స్ట్రీట్‌లో గడియారం చూసుకుంటున్న ఆ ముసలాయన మొహంలో నాకు కనపడింది మా నాన్న.

2023లో ఇంకో ముడి పడింది. విదేశాలకు పంపిన డబ్బు గురించి మన దేశంలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విచారణ నడుస్తున్నందున, క్లబ్బుకు డబ్బు పంపాలంటే కంపెనీ ఢిల్లీ హైకోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. విచారణ అంటే తప్పు తేలిందని కాదు, అది నేను ఇక్కడ పదిమందికి విడమర్చి చెప్పాను. మా పక్కింటి పెద్దాయన వాయిదా అంటే ఏమిటి, తీర్పు ఎందుకు రాదు అని నన్నే అడిగేవాడు. పుట్టినప్పటి నుంచి ఈ వీధి దాటి కాపురం పెట్టని మనిషి ఢిల్లీ కోర్టు తేదీలు క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం చూస్తే నాకు మనసు చివుక్కుమనేది.

ఈ దేశంలో ఒక మంచి ఏర్పాటుంది. ఏ కంపెనీ లెక్కలైనా రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయాలి, ఎవరైనా పైసా కట్టకుండా చూసుకోవచ్చు. పెద్దాయన లైబ్రరీలో కూచుని వెంకీస్ లండన్ లిమిటెడ్ లెక్కలు అచ్చు తీసుకుంటాడు. స్కేలు పెట్టి ఒక్కో వరస కింద గీత గీస్తూ చదువుతాడు. బతుకంతా బస్సు నడిపినాయన. నష్టం ఎంత, అప్పు ఎంత, ఎవరికి బాకీ, అన్నీ చెప్పగలడు. లెక్కలు అన్నీ ఉన్నాయి, మనిషే లేడు అంటాడు.

ఇంత జరిగాక ప్రభుత్వమూ కదిలింది. 2021 ఏప్రిల్‌లో ఆరు పెద్ద ఇంగ్లిషు క్లబ్బుల ఓనర్లు, అభిమానులకూ ఆటగాళ్ళకూ చెప్పకుండా, యూరప్ సూపర్ లీగ్ అని ఒకటి ప్రకటించారు. జనం రోడ్లమీదికి వచ్చారు. రెండు రోజుల్లో ఆరుగురూ వెనక్కి తగ్గారు. ఆ కోపం మీదే అప్పటి ఎంపీ ట్రేసీ క్రౌచ్ అధ్యక్షతన ఒక సమీక్ష జరిగింది. 2025 జులైలో ఫుట్‌బాల్ పాలనా చట్టం వచ్చింది. పై అయిదు డివిజన్ల క్లబ్బులకు ఇప్పుడు ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థ ఉంటుంది. క్లబ్బు కొనేవాడి డబ్బు ఎక్కడిదో అది అడుగుతుంది. మైదానం అమ్మాలంటే దాని అనుమతి కావాలి. చిహ్నం, సొంత మైదానంలో తొడిగే రంగులు మార్చాలంటే అభిమానుల్ని ఒప్పించాలి. 2012లో కార్డిఫ్ ఓనరు వందేళ్ళ నీలం రంగు తీసేసి ఎరుపు తొడిగించి, రెండున్నరేళ్ళు ఊరు పోరాడితే గానీ నీలం తిరిగివ్వలేదు. ముఖ్యమైన విషయాల మీద అభిమానులతో సంప్రదించడం ఇక ఓనర్ల దయ కాదు, చట్టం. పేపరును గెంటేయకూడదని మాత్రం అందులో లేదు. నాకు అది పెద్ద లోటుగానే కనపడుతుంది. ఊరికి చెప్పాల్సింది ఊరి పేపరే కాబట్టి.

2022 మేలో ఈవుడ్ పార్క్ పచ్చిక మీద రంజాన్ పండుగ నమాజు జరిగింది. ఈ దేశంలో ఒక ఫుట్‌బాల్ మైదానంలో అలా జరగడం అదే మొదలు. క్లబ్బు సిబ్బందే చేయించారు. నా ల్యాబు స్నేహితుడు ఇద్దరు పిల్లల్ని తీసుకుని వెళ్ళాడు. గోలు కొట్టే చోట నా చిన్నోడు నుదురు ఆనించాడు అని వారం రోజులు చెప్పుకున్నాడు. ఓనర్లు ఆ రోజు వచ్చి ఓ మూల నిలబడి ఉంటే, పన్నెండేళ్ళ కోపంలో సగం అక్కడే కరిగిపోయేదని నా నమ్మకం.

పోయిన నెల పెద్దాయన తలుపు తట్టాడు. చేతిలో ఉత్తరం. రెండు పేజీలు, బస్సు డిపోలో రిజిస్టరు రాసిన చేత్తో, తిన్నగా ఉంది. తిట్టు ఒక్కటీ లేదు. 1883 గురించి ఉంది, వాళ్ళమ్మ నేసిన పంచెల గురించి ఉంది, జాక్ వాకర్ గురించి ఉంది, మనవడికి ఇప్పుడు పదిహేడేళ్ళని ఉంది. పుణె చిరునామా సరిగ్గా రాశానా చూడమన్నాడు. వెంకటేశ్వర అన్న పేరులో ఒక అక్షరం తప్పుపోయింది, దిద్దాను. అది ఎలా పలకాలో అడిగి నాలుగుసార్లు అని చూసుకున్నాడు. తర్వాత, మీ భాషవాళ్ళే కదా, నువ్వూ ఒక వాక్యం రాయి అన్నాడు.

కింద కొంచెం చోటు మిగిలింది. తెలుగులో రాశాను: "అయ్యా, అమ్మా, ఒక్క శనివారం వచ్చి వెళ్ళండి. వీళ్ళు మంచివాళ్ళు." ఏం రాశానో చదివి వినిపించమన్నాడు. వినిపించి, అర్థం చెప్పాను. తల ఊపి, కవరు అంటించి, వీధి చివర ఎర్ర డబ్బాలో వేసి వద్దాం పద, సాయంత్రం తపాలా అందుకోవాలి అన్నాడు.